కరెంటు పోయిన రోజు నీళ్లు బాగుంటాయి

కర్నూలు పాతూళ్లో హంద్రీకి దగ్గరగా ఒక సందు ఉంది. పధ్నాలుగు ఇళ్లు. రోజు మార్చి రోజు తెల్లారి అయిదున్నరకు నీళ్లు వదులుతారు, ఏడు దాటాక ఆగిపోతాయి. ఆ నీళ్లు మోరీ వాసన వస్తున్నాయని నన్ను పిలిచారు. ఐటీఐ చేసి ఇరవై ఏళ్లుగా ఈ ఊళ్లో ప్లంబింగ్ పని చేస్తున్నాను. ఈ కేసు ముఖ్యంగా నా తోటి ఫిట్టర్ల కోసం రాస్తున్నాను, ఎందుకంటే ఇందులో మొదటిసారి నేను తప్పు పని చేసి డబ్బు తీసుకున్నాను. సందు పేరు, మనుషుల పేర్లు రాయను. అందరూ నాకు రోజూ ఎదురుపడేవాళ్లే.

టీ బంకు దగ్గర

ఆదివారం పొద్దున పదింటికి వెళ్లాను. సందు మొగదల టీ బంకు. నా చేతిలో పైపు రెంచీ చూడగానే నలుగురూ చేరారు.

రిటైరైన మాస్టారు ఫైలు పట్టుకొచ్చారు. రెండేళ్లలో ఇచ్చిన పదకొండు అర్జీల నకళ్లు, రసీదులు, ఒక్కోదానికీ ఫోనుకొచ్చిన "మీ సమస్య పరిష్కరించడమైనది" మెసేజీల ప్రింట్లు. అన్నీ తేదీల వారీగా ట్యాగు వేసి ఉన్నాయి. పైపులైను పాతది, మొదలంటా మార్చాలి, అంతకు తక్కువ ఏం చేసినా దండగ అన్నది ఆయన మాట. సందులో ఒకే ఒక్క మూడంతస్తుల ఇల్లుంది. ఆ ఇంటాయన, మోరీ తీసేవాళ్లు సరిగా రాకనే ఇదంతా అన్నాడు. అయిదో ఇంటి ఆటో అన్న కోళ్ల అంగడి మీదికి తోశాడు, ఈకలూ పేగులూ మోరీలోనే వేస్తాడని. కోళ్ల అంగడాయన ఊరుకుంటాడా? "నేను అంగడి పెట్టి ఏడాది. మీ నీళ్లు కంపు కొట్టబట్టి రెండేండ్లు. కోడి రాకముందే ఈక రాలినాదా?" అన్నాడు. ఆ పొద్దున నేను విన్నవాటిలో లెక్క కుదిరిన మాట అదొక్కటే.

క్యాను నీళ్ల ప్లాంటు వాళ్లే గిరాకీ కోసం లైన్లో ఏదో కలుపుతున్నారని ఒక కుర్రాడు అన్నాడు. నేను నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది. వాళ్లింట్లో ఇద్దరు పిల్లలకి వాంతులు, విరేచనాలు అయి, అంతకుముందు వారమే సెలైన్ ఎక్కించుకొచ్చారట.

మగవాళ్లు కారణాలు చెప్పారు, ఆడవాళ్లు టైములు చెప్పారు. ఏడో ఇంటావిడ, మొదటి నాలుగు బిందెలు బాగుంటాయి, ఆరు కాగానే వాసన మొదలవుతుంది అంది. పదకొండో ఇంటావిడ, మాకు ఆరుకి ముందే మొదలు అంది. ఫిట్టర్లు ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మామూలుగా పైపుకి చిల్లి ఉంటే, నీళ్లు లేని రోజంతా చుట్టూ ఉన్న మురికి లోపలికి ఊరుతుంది. వదలగానే మొదటి రెండు మూడు బిందెలు చెడ్డగా వచ్చి తర్వాత తేటపడతాయి. ఇక్కడ దానికి ఎదురు. ముందు మంచి నీళ్లు, తర్వాత చెడ్డ నీళ్లు. ఆ మాట దగ్గరే నేను కూర్చుని ఆలోచించి ఉంటే ఈ రాత సగానికి సగం తగ్గేది.

ఇంకో మాట కూడా జారవిడిచాను. సందు చివరింటి అవ్వ, డెబ్భై దాటిన మనిషి, నేను వెళ్లిపోతుంటే గడపలోంచి అంది: "కరెంటు పోయిన్నాడు నీళ్లు బాగుంటాయి నాయనా." వాసనకీ కరెంటుకీ ఏం సంబంధం అనుకుని, తలూపి ముందుకు పోయాను.

తప్పు పని

మోరీ వాసన అనగానే ఏ ఫిట్టరైనా మోరీని దాటే పైపుల్ని చూస్తాడు. పాతూళ్లో మెయిన్ లైను సందుకి ఒక పక్కనే ఉంటుంది. ఆ పక్కా ఈ పక్కా ఇళ్లకు పోయే అరంగుళం పైపులు మోరీలోంచే దాటుతాయి. జీఐ పైపు, అంటే జింకు పూత వేసిన ఇనుప పైపు, పైనుంచి చూస్తే దిట్టంగానే కనబడుతుంది. మురుగులో చెయ్యి పెట్టి అడుగు తడిమితే పెచ్చులు ఊడొస్తాయి. ఆరో ఇంటి పైపు అలాగే ఉంది. కోసి తీసి, కడిగి ఎండకి పట్టుకుంటే అడుగున సూదిమొనంత చిల్లులు మూడు. సందంతా "ఇదిగో" అంది. నేనూ అదే అన్నాను.

కొత్త పైపును మూడంగుళాల పీవీసీ గొట్టంలోంచి దూర్చి, మోరీకి పైన దాటించాను. సంపులున్న ఇళ్లవాళ్ల చేత సంపులు కడిగించాను. వెయ్యి లీటర్లకు 200 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ లెక్కన కలిపి, రాత్రంతా ఉంచి, పొద్దున మొత్తం పారబోయించాను. ఆరో ఇంటివాళ్ల దగ్గర సామాను, కూలి కలిపి 2,400 తీసుకున్నాను. పది రోజులు అందరూ బాగుందన్నారు. పదకొండో రోజు మాస్టారి ఫోను.

"ఏమయ్యా, మళ్లీ మొదలైంది."

ఆ పది రోజులు ఎందుకు బాగున్నాయో నాకు తర్వాత తెలిసింది. ఆ పది రోజులూ అవ్వ నంద్యాలలో కూతురింట్లో ఉంది.

గుంత

ఈసారి నీళ్లొచ్చే టైముకే పోయాను. అయిదుంబావుకి, చీకట్లో, టార్చీతో. చేతిలో క్లోరిన్ చూసే చిన్న పెట్టె కూడా ఉంది. నీళ్లలో ఆర్థోటాలిడిన్ చుక్కలు వేస్తే, క్లోరిన్ ఉంటే పసుపు తిరుగుతుంది. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. మొగదల మాస్టారి ఇంట్లో అయిదూ నలభైకి చూస్తే నిమ్మపండు రంగు. ఆరూ పదికి అక్కడే మళ్లీ చూసినా అదే రంగు. అదే నిమిషంలో పదకొండో ఇంట్లో పట్టిన నీళ్లకు రంగే లేదు. క్లోరిన్ మురికి మీద పనిచేసి ఖర్చయిపోతుంది. అంటే ఊరి లైనులో వస్తున్న నీళ్లు మంచివే, మొగదలకీ పదకొండో ఇంటికీ మధ్య కాదంటే ఇంకా అవతల ఎక్కడో మురికి కలుస్తోంది. పైపులైను మొత్తం మార్చాలన్న మాస్టారి ముఖం చిన్నబోయింది. అది నేను గమనించనట్టే ఉన్నాను.

అంతకుముందు, అయిదూ నలభైకి మాస్టారి ఇంటికి పోయొచ్చిన కాసేపు తప్ప, అయిదున్నర నుంచి ఆరు దాటేదాకా నేను అవ్వ వాకిట్లోనే ఉన్నాను.

2009 అక్టోబరు వరదలో ఈ సందు కూడా మునిగింది. ఆ తర్వాత సిమెంటు రోడ్డు వేశారు, కొన్నాళ్లకి దాని మీదే ఇంకో పొర వేశారు. రోడ్డు పెరిగినకొద్దీ మోరీ కట్టలూ పెరిగాయి. డబ్బున్నవాళ్లు ఇళ్లు ఎత్తు చేసుకున్నారు. అవ్వ ఇల్లు మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. రోడ్డు మీంచి వాకిట్లోకి రెండు మెట్లు దిగాలి. వాకిట్లో మళ్లీ రెండడుగుల లోతు గుంత, చుట్టూ అడుగునా సిమెంటు పూత. గుంత గోడలోంచి అడుక్కి నాలుగంగుళాల ఎత్తులో పైపు మూతి ఒకటి బయటికి వచ్చి ఉంది. దానికి కొళాయి లేదు. పైకి నీళ్లెక్కడం లేదని ఏళ్ల కిందట ఎవరో ఫిట్టరు పైపు కోసి కిందికి దించాడు. మనవాళ్లు రాయలసీమలో ప్రతి ఊళ్లోనూ చేసిన పనే, నేనూ చేశాను. అవ్వ గుంతలో సత్తు గిన్నె పెడుతుంది, నిండగానే ఎత్తి గట్టు మీది బిందెలో పోస్తుంది. నీళ్లు ఆగిపోయాక గుడ్డపేలిక చుట్టిన చెక్క బిరడా కొడుతుంది. నంద్యాల పోయిన ఆ పది రోజులూ బిరడా అలాగే బిగించి ఉంది.

అయిదున్నరకు చూపుడువేలు లావు ధార వచ్చింది. అయిదూ నలభై అయిదుకి మూడంతస్తుల ఇంట్లో మోటారు మొదలైంది. సందులో ఆ చప్పుడు వినగానే ఇంకొకటి, మరొకటి. అయిదు లెక్కపెట్టాను. అవ్వ ధార పెన్సిలంత అయింది, తర్వాత బొట్లు, తర్వాత అదీ లేదు. "ఇంగ రావు" అని అవ్వ లోపలికి పోయింది. బిరడా పెట్టలేదు, ఏమో మళ్లీ వస్తాయేమోనని.

గుంత అడుగున ఆరంగుళాల నీళ్లు నిలిచి ఉన్నాయి. సగం ఒలికిన నీళ్లు, సగం మోరీ పక్క గోడ పగుల్లోంచి ఊరినవి, రంగు చూస్తేనే తెలుస్తోంది. పైపు మూతి ఆ నీళ్లలో మునిగి ఉంది. పైన కొబ్బరి పీచు ముక్కొకటి తేలుతోంది. టార్చీ వేసి ఊరికే చూస్తున్నాను. ఆ పీచు మెల్లగా కదిలింది. గాలి లేదు. పైపు ఉన్న వైపే పోయి, సరిగ్గా మూతి మీద ఒకసారి గిర్రున తిరిగి లోపలికి పోయింది.

గోడ మీద తడి గుర్తు అప్పటికే వేలెడు కిందికి దిగింది.

అవ్వని పిలిచి, ఈ నీళ్లు ఎప్పుడు ఎత్తిపోస్తావని అడిగాను. "ఎత్తిపోసే పనే లేదు నాయనా, వాటికవే ఇంకిపోతాయి" అంది. సిమెంటు పూసిన గుంతలో ఎక్కడికి ఇంకుతాయి? ఇంకో పది నిమిషాలకు నీళ్లు పైపు మూతి కిందికి దిగాయి. అప్పుడు సన్నగా ఈల మొదలైంది, గాలి లోపలికి పోతున్న ఈల. జేబులో పాలప్యాకెట్టు కవరు ఉంటే మూతికి అడ్డం పెట్టాను. టప్పున అతుక్కుంది. చెయ్యి తీసేసినా పడలేదు.

జరిగేది ఇదీ. మోటారు నీళ్లను పైకి తోయాలంటే ముందు ఇవతల లాగాలి. మంచి మోనోబ్లాక్ పంపు ఆరేడు మీటర్ల లోతు నుంచి లాగగలదు. సంపులోంచి లాగితే ఎవరికీ నష్టం లేదు. ఈ సందులో అయిదుగురూ మోటార్ని నేరుగా కొళాయి పైపుకే బిగించారు. రెండంగుళాల లైను ఇచ్చేదానికంటే అయిదు మోటార్లు ఎక్కువ అడుగుతాయి. ఆ లోటు తీర్చడానికి లైను ఎక్కడ మూతి తెరిచి ఉంటే అక్కడినుంచి లాక్కుంటుంది. గాలి దొరికితే గాలి, మురుగు దొరికితే మురుగు. అందుకే మొదటి బిందెలు మంచివి. అందుకే కరెంటు పోయిన రోజు నీళ్లు బాగుంటాయి. సందులో అందరికీ తెలిసిన సంగతే అది, ఆటో అన్న కూడా "ఔన్నా, కరెంటు లేకుంటే నీళ్లు జోరుగా వస్తాయి" అన్నాడు. జోరు సంగతి పట్టించుకున్నారు, వాసన సంగతి అవ్వ ఒక్కతే పట్టించుకుంది.

జిలేబీ రంగు

చెబితే నమ్మరని తెలుసు. మోటారు మంచినీళ్లు లాగుతుందిగానీ మురుగెందుకు లాగుతుంది అని మూడంతస్తులాయన అప్పుడే అనేశాడు. తర్వాతి నీళ్ల రోజున, ఆరు తర్వాత వచ్చే నీళ్లు ఎవరూ తాగొద్దని ఇంటింటికీ చెప్పి, మిఠాయి అంగట్లో జిలేబీకి వేసే కేసరి రంగు కొంచెం తెచ్చాను. హోలీ రంగులు, ముగ్గు రంగులు ఎప్పుడూ వాడకండి, తినే రంగే వాడండి. అర చెంచా అవ్వ గుంతలో కలిపి, పరుగెత్తుకుంటూ మూడంతస్తుల ఇంటికి పోయాను. మధ్యలో నాలుగు ఇళ్లు. ఆయన మోటారు గొట్టాన్ని తెల్ల బకెట్టులో పెట్టించాను. చుట్టూ పది పదిహేనుమంది.

మొదట ఏమీ లేదు. ఎవరో నవ్వారు కూడా. నాలుగో నిమిషంలో బకెట్టు అడుగున పలచగా పసుపు తెర ఒకటి తిరిగింది. ఇంకాసేపటికి బకెట్టంతా నారింజ. ఆయన బకెట్టులోకి చూశాడు, నా ముఖంలోకి చూశాడు, పోయి మోటారు కట్టేశాడు.

నేను ఊహించనిది ఆ తర్వాత జరిగింది. రెండేళ్లుగా పైపులైను మీద, మోరీ మీద, కోళ్ల మీద, ప్లాంటు మీద ఉన్న నేరమంతా రెండు నిమిషాల్లో అవ్వ మీదికి వచ్చింది. "ఆ గుంత ముందు పూడ్చాల" అన్నారు. పిల్లలకి సెలైన్ ఎక్కించిన కుర్రాడు గట్టిగానే అరిచాడు, అతని బాధ అతనిది. అవ్వ మెట్లెక్కి రోడ్డు మీదికి వచ్చింది. "పూడ్చండి. యాడ పట్టుకోవాల నేను? మీ మోటార్లు లాగబట్టి గదా నేను గుంత తవ్వుకుండేది?" అంది.

ఎవరూ మాట్లాడలేదు. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నాకు తెలిసి ఆ సందు రోగానికి ఇంతకంటే పొట్టిగా ఎవరూ డయాగ్నసిస్ చెప్పలేరు. గుంత వల్ల మురుగు దొరికింది, మోటారు వల్ల గుంత వచ్చింది. రెంట్లో ఏది లేకున్నా నీళ్లు కంపు కొట్టేవి కావు. గుంత ఒక్కటే పూడ్చి, మోటార్లు అలాగే వదిలేస్తే లైను రేపు ఇంకో చిల్లి వెతుక్కుంటుంది, ఆరో ఇంటి తుప్పు పైపులాంటిది.

మందు

ఒక్క నీళ్ల రోజు అయిదున్నర నుంచి ఆరుదాకా మోటార్లు వేయకుండా చూడమని అడిగాను. ఆ పూచీ మాస్టారు తీసుకున్నారు, సందులో అటూ ఇటూ తిరుగుతూ కాపలా కాశారు. అవ్వ పైపుకి జాయింటు వేసి, వాకిలి మట్టానికి రెండున్నర అడుగుల ఎత్తున తాత్కాలికంగా కొళాయి పెట్టాను. నీళ్లు ఎక్కాయి. పదిహేను లీటర్ల బిందె నిండడానికి మూడు నిమిషాలు. గొప్ప జోరేమీ కాదు, కానీ అవ్వ వంగకుండా నీళ్లు పట్టుకోవడం ఆ ఇంట్లో ఏళ్ల తర్వాత అదే మొదలు.

అది చూశాక పని తేలికైంది. మోటారున్న అయిదిళ్లలో మూడిళ్లకి జాగా ఉంది. మూడడుగుల వెడల్పు సిమెంటు వరలు నాలుగు దించితే దాదాపు 800 లీటర్ల సంపు. లైను నీళ్లు ఫ్లోటు వాల్వు (సంపు నిండగానే దానంతటదే మూసుకునేది) మీంచి సంపులోకి వాటంతటవే పడతాయి, మోటారు సంపులోంచి లాగుతుంది. రెండిళ్లకి జాగా లేదు, మెట్ల కింద 500 లీటర్ల సింటెక్సు కూర్చోబెట్టాం. ఫ్లోటు మూతి సంపు నీటి మట్టానికి పైనే ఉండాలి, నీళ్లలో మునిగితే మళ్లీ గుంత కథే. లైనుకి నేరుగా మోటారు పెట్టకూడదన్నది అందరికీ తెలిసిన నిబంధనే. దాన్ని నేను ఎత్తలేదు, ఎత్తితే తలుపులు మూసేవాళ్లు.

అవ్వ గుంత రాళ్లు, ఇసుక వేసి పూడ్చి పైన బండ వేశాం. కొళాయి ఎత్తు మీద ఉండిపోయింది. లైను నుంచి ఆ ఇంటికి వచ్చే పైపులో నీళ్లను ఒకే వైపు పోనిచ్చి, వెనక్కి పోనివ్వని నాన్ రిటర్న్ వాల్వు ఒకటి బిగించాను. ఫిట్టర్లకి ఒక మాట. ఇలాంటి చోట స్ప్రింగు రకం పెట్టకండి, ఇంత తక్కువ ప్రెషర్‌కి అది తెరుచుకోదు, నీళ్లు రావడం లేదని వారం తిరక్కుండా ఎవరో పీకేస్తారు. లోపల రేకు తలుపు ఊగే ఇత్తడిది తీసుకోండి. బాణం గుర్తు చూసి పడుకోబెట్టి బిగించండి, మీద మట్టి కప్పకుండా చిన్న ఛాంబర్ కట్టండి. అందులో ఇసుక చేరుతుంది, ఆరు నెలలకోసారి విప్పి కడగాలి.

అవ్వ పనికి అయిన సామాను డబ్బు మూడంతస్తులాయన ఇచ్చాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు, ఇల్లు ఏదో రాయొద్దనలేదు. నేను కూలి తీసుకోలేదు. ఆరో ఇంటివాళ్లకి 2,400 వెనక్కివ్వబోతే, పైపు ఎట్లాగూ పోయిందే కదా అని వాళ్లు తీసుకోలేదు.

తర్వాత

పని మొదలుపెట్టకముందు నాలుగిళ్ల నీళ్లు హెచ్2ఎస్ సీసాల్లో పట్టి ఉంచాను. మలం కలిసిన నీళ్లయితే ఒకట్రెండు రోజుల్లో సీసా నల్లబడుతుంది. వెచ్చగా ఉంచాలంటారు, ఎండాకాలం కర్నూల్లో ఆ చింత లేదు, కిటికీ గట్టు చాలు. నాలుగింట్లో మూడు నల్లబడ్డాయి. పని అయిన నెలకి అవే ఇళ్ల నీళ్లు మళ్లీ పట్టాను. ఒకటి నల్లబడింది. ఆ ఇంటికి పోయి చూస్తే సంపు మీద మూత లేదు, బట్టలుతికే బండకి అడ్డమని తీసి పక్కన పెట్టారు. మూత వేయించి, బ్లీచింగ్ పట్టించి, పది రోజుల తర్వాత చూస్తే సీసా మారలేదు.

మోరీ తీసేవాళ్లు ఇప్పటికీ సరిగా రావడం లేదు. మాస్టారు దాని మీద పన్నెండో అర్జీ పెట్టారు.

మే నెలలో నీళ్లు తగ్గినప్పుడు ఆటో అన్న సంపు గొట్టం విప్పి మోటారు మళ్లీ లైనుకే పెట్టాడు. ఇంకో ఇంటివాళ్లు కూడా. నాకెవరూ చెప్పలేదు. అవ్వ వాకిట్లో ఆ వాల్వు ఉంది కదా, లైనులో లాగుడు మొదలుకాగానే దాని లోపలి రేకు టక్కుమని పడుతుంది. తెల్లారి ఆ నిశ్శబ్దంలో గడపలో కూర్చున్నవాళ్లకి బాగా వినబడుతుంది. మొన్న ఒక నీళ్ల రోజు నేను అటు పోతుంటే ఆ చప్పుడైంది, వెంటనే అవ్వ గొంతు: "ఎవుర్దిరా మోటరు?" రెండోసారి అరిచేలోపు అయిదో ఇంట్లో మోటారు ఆగింది.